గాజుల సాయిబు గుడ్‌విల్

మాది రామతీర్థం. విజయనగరానికి పన్నెండు కిలోమీటర్లు. ఊరి పేరు చెప్పగానే అవతలివాళ్ల ముఖం విప్పారుతుంది. "ఓహో, రాముడి సన్నిధి!" అంటారు. తర్వాత నా పేరడుగుతారు. 'షేక్' అని మొదలుపెట్టగానే ఒక చిన్న తటపటాయింపు. "రామతీర్థంలో సాయిబులున్నారా?" అని కొందరు పైకే అడిగేస్తారు. మర్యాదస్తులు కళ్లతో అడుగుతారు.

ఉన్నామండీ. మూడు తరాలుగా ఉన్నాం. ఆ కొండలకి మతాల లెక్క కొత్తదేం కాదు. గురుభక్తులకొండ మీద బౌద్ధుల శిథిలాలున్నాయి. దుర్గకొండ మీద జైన విగ్రహాలున్నాయి. బోధికొండ మీద రాముడున్నాడు. రాముడి ఊళ్లో శివరాత్రికి పెద్ద జాతర జరుగుతుంది. ఇంతమంది ఇమిడిన చోట గాజులమ్ముకునే ఒక్క సాయిబు కుటుంబం ఇమడదా?

తెలుగు ముస్లిం అనగానే పాతబస్తీ గుర్తొస్తుంది. కడప, కర్నూలు, గుంటూరు గుర్తొస్తాయి. ఉత్తరాంధ్ర సాయిబు ఎవరికీ గుర్తు రాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలు నూటికి తొమ్మిదిన్నర మంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నూటికి ఒక్కరు కూడా లేం. అలాగని నిన్నగాక మొన్న వచ్చినవాళ్లమూ కాదు. శ్రీకాకుళంలో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు పదిహేడో శతాబ్దం నాటిది. విజయనగరంలో బాబామెట్ట మీద ఖాదర్‌వలీ బాబా దర్గాకి మాకంటే హిందువులే ఎక్కువమంది వస్తారు. మేం 'ఏటి', 'బేగి', 'అట్టుకురా' అనే మాట్లాడతాం. హైదరాబాద్ బంధువులు మా ఉర్దూ విని నవ్వుతారు. ఇక్కడివాళ్లు మా తెలుగు విని "అచ్చం మనలాగే మాట్లాడుతున్నారే" అని ఆశ్చర్యపోతారు. ఎవరిలా మాట్లాడాలి మరి?

నేను కామర్సు చదివాను. విజయనగరం మహారాజా కాలేజీలో బీకాం, 1991 నుంచి 93 దాకా వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.కాం. ఆ చదువుతో ముప్పై ఏళ్లుగా విజయనగరంలో దుకాణాలకు లెక్కలు రాసి బతుకుతున్నాను. ముస్లిం రచయితలు కవిత్వం గురించీ, ఖవ్వాలీ గురించీ, పీర్ల పండగ గురించీ రాశారు. జమాఖర్చుల గురించి ఎవరూ రాసినట్టు లేదు. మనలో ఎక్కువమంది బతికేది చిన్న వ్యాపారాల మీదే కదా! అందుకని నేను రాస్తున్నాను.

మా తాత గాజులమ్మాడు. మా అబ్బా గాజులమ్మాడు. మలారాలు సైకిలుకి కట్టుకుని నెల్లిమర్ల, సతివాడ, గుర్ల పక్క పల్లెలన్నీ తిరిగేవాడు. శివరాత్రికీ, శ్రీరామనవమికీ ఊళ్లోనే దుకాణం పెట్టేవాడు. చదువంటే ఆయనకి ఒకటే లెక్క. "మనది వ్యాపారం బేటా, వ్యాపారమే చదువు" అన్నాడు. మా దాదీమాకి మాత్రం నవ్వు ఆగలేదు. "గాజులమ్మడానికి యూనివర్సిటీ ఏటిరా?" అని వీధంతా చెప్పుకుంది.

ఆ యూనివర్సిటీ చిన్నదేం కాదు. 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు చేరింది. కట్టమంచి రామలింగారెడ్డిగారు మొదటి వైస్ ఛాన్సలర్. వ్యాపార నిర్వహణ అనేది యూనివర్సిటీ చదువేనా అని దేశం ఇంకా ఆలోచిస్తున్న రోజుల్లో, 1957లోనే అక్కడ ఎంబీఏ పెట్టారు. మా కామర్సు, ఎంబీఏ రెండూ ఒకే విభాగం. ఎంబీఏ వాళ్లు టై కట్టుకొచ్చేవారు. మేం చెప్పులతో వెళ్లేవాళ్లం. అయితే వి.ఎస్.కృష్ణా లైబ్రరీలో టైకీ, చెప్పులకీ తేడా లేదు. గాజులమ్మేవాడి కొడుకు కూడా అడిగిన పుస్తకం అడిగినట్టు తెచ్చుకుని రాత్రిదాకా చదువుకోవచ్చు. అంతకుముందు నాకు అంత ధారాళంగా ఎవరూ ఏదీ ఇవ్వలేదు.

పాఠాలన్నీ ఇంగ్లీషులో. శుక్లా-గ్రేవాల్, జైన్-నారంగ్ పుస్తకాలు దిండు ఎత్తున ఉండేవి. మొదట్లో భయపడ్డాను. తర్వాత ఒక విషయం కనిపెట్టాను. ఇంగ్లీషు పక్కన పెట్టి తెలుగులో ఆలోచిస్తే ఆ లెక్కల భాషంతా మా ఇంటి భాషే. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, నగదు, జామీను. ఇవన్నీ అరబీ, ఫారసీల నుంచి వచ్చి తెలుగులో స్థిరపడ్డ మాటలు. ఏ షావుకారూ వీటిని పరాయి మాటలనుకోడు. 'అసలు' కూడా అరబీ మాటే. 'వడ్డీ' మాత్రం సంస్కృతం 'వృద్ధి' నుంచి వచ్చింది. మా రూమ్మేటు పాలకొండ కుర్రాడు. అతనితో అనేవాణ్ణి: "చూడు, అసలు మాది, వడ్డీ మీది." ఇద్దరం పడీపడీ నవ్వుకునేవాళ్లం.

మాటలే కాదు, అంకెలూ అంతే. ఈ దేశంలో పుట్టిన అంకెల్ని అరబ్బులు పట్టుకెళ్లారు. ఉత్తర ఆఫ్రికా రేవులో వర్తకుల దగ్గర ఆ లెక్క నేర్చుకున్న ఫిబొనాచీ 1202లో పుస్తకం రాసి ఇటలీకి చెప్పాడు. ఆ ఇటలీలోనే 1494లో పాచోలీ జంటపద్దు విధానాన్ని అచ్చువేశాడు. అది తిరిగి తిరిగి ఇంగ్లీషువాడి పుస్తకంలో వాల్తేరు చేరింది. ఒక ఖాతా పుస్తకంలో ఎన్ని దేశాల, ఎన్ని మతాల చేతులున్నాయో చూడండి.

ఊళ్లో మా పక్కింటి పెద్దాయనకి ఒక సందేహం. "మీకు వడ్డీ నిషిద్ధం కదా, ఈ చదువంతా వడ్డీ లెక్కలే కదా?" నిజమే. మా అమ్మీ ఇప్పటికీ బ్యాంకువాళ్లు వేసిన వడ్డీ విడిగా లెక్కగట్టించి, పుణ్యం ఆశించకుండా ఎవరికో ఇచ్చేస్తుంది. అయితే ఖురాన్‌లో అన్నిటికన్నా పెద్ద ఆయత్ దేని గురించో తెలుసా? అప్పిచ్చినా పుచ్చుకున్నా కాగితం మీద రాసుకోమని, రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షుల్ని పెట్టుకోమని చెప్పే ఆయత్ అది. లెక్క రాయడం మాకు నిషిద్ధం కాదు, బాధ్యత. 1932 నాటి మన భాగస్వామ్య చట్టం చదివినప్పుడు కూడా నాకు ఆశ్చర్యం వేసింది. ఒప్పందంలో వేరే రాసుకోకపోతే భాగస్థులు లాభం సమానంగా పంచుకోవాలి, పెట్టుబడి మీద వడ్డీ అడగకూడదు అంటుందది. ఇది మా మౌల్వీసాబ్‌కి చెబితే, "మీ సర్కారు చట్టంలో కూడా మంచి మాటలున్నాయే" అన్నాడు.

ఇక గుడ్‌విల్. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇది.

వ్యాపారానికి భవనం, సరుకు, రొక్కం ఉన్నట్టే మంచిపేరు కూడా ఒక ఆస్తి. దాన్ని గుడ్‌విల్ అంటారు. కంటికి కనబడదు, చేతికి దొరకదు, కానీ ఖరీదుంటుంది. పాత ఖాతాదారు పాత చోటికే మళ్లీ వచ్చే అవకాశమే గుడ్‌విల్ అని 1810లో లార్డ్ ఎల్డన్ అనే ఇంగ్లీషు జడ్జి తేల్చాడు. 1934లో ఇంకో కేసులో ఖాతాదారుల్ని జంతువులతో పోల్చారు. పిల్లి ఇంటిని వదలదు, యజమాని మారినా ఆ గడపలోనే ఉంటుంది. కుక్క యజమాని వెంట పోతుంది. ఎలుకకి ఇల్లూ లేదు, యజమానీ లేదు. చోటు వల్ల వచ్చే గుడ్‌విల్ పిల్లి రకం, మనిషి వల్ల వచ్చేది కుక్క రకం.

ఈ పాఠం విన్న రోజు నుంచి మా అబ్బాది ఏ రకమా అని ఆలోచనలో పడ్డాను. పల్లెలో పరాయి మగవాడికి ఆడవాళ్లు చెయ్యి చాపి ఇస్తారా? మా అబ్బాకి ఇచ్చేవారు. కొత్త కోడళ్లు, శ్రీమంతం ఆడపిల్లలు, ముసలమ్మలు అరుగు మీద కూర్చుని చెయ్యిచ్చేవారు. ఆయన తల వంచుకుని, వేళ్లు మెత్తగా అదిమి, ఒక్క గాజు చిట్లకుండా ఎక్కించేవాడు. ఏ ఇంట్లో ఏ పిల్లకి సంబంధం కుదిరిందో ఆయనకి ముందే తెలిసేది, కానీ పక్కింట్లో చెప్పేవాడు కాదు. గాజులు తీసేసిన ఇంటి ముందుకి వచ్చేసరికి ఆయన కేక ఆగిపోయేది. సైకిలు దిగి నడిపించుకుంటూ దాటేవాడు. డబ్బు లేనివాళ్లు చోళ్లో, చింతపండో కొలిచి ఇచ్చేవారు. "సాయిబన్నా, పండక్కి ఎర్రగాజులట్టుకురా" అని కేకేసి మరీ చెప్పేవారు. ఆయన పేరేమిటో సగంమందికి తెలియదు. గాజుల సాయిబు, అంతే. మతమే ఆయన వ్యాపార నామం.

సెలవులకి వచ్చినప్పుడు కూర్చుని లెక్క కట్టాను. గుడ్‌విల్ విలువ కట్టడానికి సూపర్ ప్రాఫిట్ పద్ధతి అని ఒకటుంది. మూడేళ్ల లాభం 7,800, 8,100, 8,700 రూపాయలు. సగటు 8,200. అందులోంచి ఆయన కష్టానికి రోజుకి పాతిక చొప్పున మూడొందల రోజుల కూలి 7,500 తీసేయాలి. పెట్టుబడి అయిదు వేలు. దాని మీద మామూలుగా రావలసిన ఆదాయం నూటికి పది చొప్పున 500 తీసేయాలి. మిగిలింది రెండొందలు. మూడేళ్ల కొనుగోలు కింద మూడుతో గుణిస్తే ఆరొందలు. మా తాత, మా అబ్బా కలిసి అరవై ఏళ్లు కూడబెట్టిన మంచిపేరు ఖరీదు ఆరొందల రూపాయలు!

అబ్బాకి చెబితే కోపం రాలేదు. కాసేపు ఆలోచించి అన్నాడు. "ఆరొందలకైనా కొనేవాడెవడు బేటా? గాజులు కొంటాడు, సైకిలు కొంటాడు. సాయిబుననిపించుకోవడం కూడా కొంటాడా?"

ఆయనకి తెలియకుండానే అకౌంటింగ్ ప్రమాణం చెప్పాడు. 1985లో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఇచ్చిన పదో ప్రమాణం ఏమందంటే, ఎవరైనా ఖరీదిచ్చి కొన్నప్పుడే గుడ్‌విల్‌ని పుస్తకాల్లో రాయాలి. మనంతట మనం సంపాదించుకున్న గుడ్‌విల్‌ని రాయకూడదు. తర్వాత వచ్చిన ఇరవై ఆరో ప్రమాణం కూడా అదే మాట అంది. అది ఉంటుంది, దానివల్లే వ్యాపారం నడుస్తుంది, కానీ ఏ పుస్తకంలోనూ కనిపించదు. ఈ దేశంలో మాలాంటి వాళ్లు పల్లెపల్లెకీ తిరిగి సంపాదించిన మంచితనమంతా అలాంటిదే. చరిత్ర పుస్తకాల్లో ఎవరి దండయాత్రలో ఉంటాయి. గాజుల సాయిబు వేళ్ల నేర్పు ఎక్కడుంటుంది?

పైగా ఆ గుడ్‌విల్ ఊరు దాటితే చెల్లదు. ఎం.కాం. రెండో ఏడు పరీక్షలకి చదువుకుందామని నలుగురం కలిసి బయట గది వెతికాం. ఒకచోట గది నచ్చింది, బాడుగ కుదిరింది, అడ్వాన్సు చేతిలో పెట్టబోతూ పేర్లు రాయించాం. నా పేరు దగ్గర ఇంటాయన కలం ఆగింది. "మీ ముగ్గురికీ అయితే అభ్యంతరం లేదు బాబూ. ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోరు" అన్నాడు. చెడ్డవాడిలా కూడా లేడు. మజ్జిగ ఇచ్చి పంపాడు. మా పాలకొండ కుర్రాడు అడ్వాన్సు జేబులో పెట్టేసుకుని "ఎలిపోదాం రండర్రా" అన్నాడు. డెబ్భై కిలోమీటర్ల అవతల అదే 'సాయిబు' అన్న మాటకి పల్లె ఆడవాళ్లు అరుగు మీదకి వచ్చి చెయ్యి చాపుతున్నారు. ఇక్కడ 'ఆడవాళ్లు ఒప్పుకోరు'. పేరు మారలేదు, మనిషి మారలేదు. ఊరు మారేసరికి ఆస్తుల వైపు ఉన్న పద్దు అప్పుల వైపుకి వెళ్లిపోయింది.

1992 డిసెంబరు 6 వచ్చింది. బాబ్రీ మసీదు కూలింది. ఆ వారం నేను రేడియో దగ్గరే ఉన్నాను. తోటి విద్యార్థులు నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడేవారు. అది జాలో, మొహమాటమో తెలిసేది కాదు. ఇంటికి వెళ్లాను. రామతీర్థం ఎప్పట్లాగే ఉంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అబ్బా మాత్రం నాలుగు రోజులు సైకిలు బయటికి తియ్యలేదు. అయిదో రోజు ఒకావిడ మనవడిని పంపింది. "సాయిబన్న బాగున్నాడా? పెళ్లికి గాజులు కావాలి" అని. ఆయన వెళ్లాడు. అయితే ఎప్పుడూ కొనే రెండిళ్లలో "ఈసారి టౌన్లో కొనీసుకున్నాం" అన్నారట. పై నెలా అదే అన్నారు. గుడ్‌విల్ వచ్చేటప్పుడు కేకేసి పిలుస్తుంది. పోయేటప్పుడు చప్పుడుండదు.

అప్పుడే మాకు కంటింజెంట్ లయబిలిటీ పాఠం నడుస్తోంది. ఇంకొకడి అప్పుకి మీరు జామీను సంతకం పెట్టారనుకోండి. వాడు కట్టినంతకాలం మీకేం కాదు. ఎగ్గొట్టిన రోజున మీ మెడకి చుట్టుకుంటుంది. దాన్ని ఆస్తి అప్పుల పట్టీలో కలపరు, అడుగున చిన్న అక్షరాల్లో గమనిక రాస్తారు. ముస్లిం పేరుకి అలాంటి గమనిక ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఎక్కడో కాశ్మీరులోనో, కరాచీలోనో, బొంబాయిలోనో ఎవడో ఏదో చేస్తాడు. రామతీర్థంలో గాజులమ్మేవాడు సమాధానం చెప్పాలి. మేం ఏ కాగితం మీదా పెట్టని జామీను సంతకం అది. మా సంపాదన పుస్తకాలకెక్కదు. మేం చెయ్యని అప్పు మాత్రం గమనికలో ఉంటుంది. ఇదేం లెక్క?

చదువయ్యాక ఒక ఫైనాన్సు కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లాను. మార్కులు చూశారు, బాగున్నాయన్నారు. ఒకాయన నవ్వుతూ "మీవాళ్లు వడ్డీ తినరుగా, ఇక్కడ ఎలా పనిచేస్తారు?" అన్నాడు. "నేను తినను సార్, లెక్క రాస్తాను" అన్నాను. అందరూ నవ్వారు. ఉత్తరం రాలేదు. నాకూ దిగులు లేదు. మర్నెల నుంచే విజయనగరంలో ఒక బట్టల దుకాణానికి లెక్కలు రాయడం మొదలుపెట్టాను. ఆ షావుకారు నా మతం అడగలేదు. "పన్ను నోటీసు రాకుండా చూస్తావా?" అని మాత్రం అడిగాడు.

నా ఒక్కడి కథ కాదిది. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. ఇరవై ఏళ్లు దాటిన ముస్లింలలో డిగ్రీయో డిప్లమోనో ఉన్నవాళ్లు నూటికి నలుగురు కూడా లేరంది. దేశంలోని ఐఐఎంల విద్యార్థుల్లో ముస్లింలు 1.3 శాతమంది. స్వయం ఉపాధి మీద బతికేవాళ్లు మాలో ఎక్కువ, బ్యాంకు అప్పు అందేది తక్కువ అంది. ముస్లింలు ఎక్కువగా ఉండే కొన్ని పేటల్ని కొన్ని బ్యాంకులు 'నెగెటివ్ జోన్లు'గా గుర్తు పెట్టుకున్నాయని కూడా రాసింది. చోటు వల్ల గుడ్‌విల్ వస్తుందని చదువుకున్నాను గానీ, చోటు వల్ల పరపతి పోవడం ఏ పుస్తకంలోనూ చదవలేదు. వ్యాపారం చేసుకు బతికే జాతి, వ్యాపారం చదువుకోని జాతి ఒకటే కావడం ఎంత నష్టమో లెక్కలు రాసేవాడికి తెలుస్తుంది.

చదువు ఇంటి దగ్గరికి వస్తే ఏమవుతుందో కూడా నేను చూశాను. ఆంధ్రా యూనివర్సిటీ వాల్తేరులోనే కూర్చోలేదు. 1967లో గుంటూరులో పీజీ కేంద్రం పెడితే అది 1976లో నాగార్జున యూనివర్సిటీ అయింది. దాన్ని ప్రారంభించింది అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్. 1977లో శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో పెట్టిన కేంద్రం 2008లో డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ యూనివర్సిటీ అయింది. 1972 నుంచి ఉత్తరాల ద్వారా చదువు చెప్పే విభాగం కూడా ఉంది. పేపర్లో ఇవన్నీ చిన్న వార్తలు. మా ఇంట్లో పెద్ద సంగతులు. మా చెల్లెల్ని వాల్తేరు పంపడానికి అబ్బా ఒప్పుకోలేదు. పోస్టుమేన్ పాఠాల కట్టలు ఇంటికి తెచ్చాడు. ఇంట్లో కూర్చునే అది బీకాం పాసయింది. అబ్బా బాకీల పుస్తకం మొదటిసారి పద్ధతిగా రాసింది నేను కాదు, అదే.

దాని కూతురు, అంటే నా మేనకోడలు, ఐసెట్ రాసి 2012లో ఎచ్చెర్లలో ఎంబీఏలో చేరింది. శ్రీకాకుళంలో ఇల్లు, రోజూ బస్సులో పోయి రావడం. తల్లికి పోస్టులో వచ్చిన చదువు కూతురికి బస్సు దూరానికి వచ్చింది. అప్పటికి బీసీ-ఈ ఉంది. 2004 నుంచి ఆ రిజర్వేషన్ల కోసం పడ్డ అవస్థ అందరికీ తెలుసు. 5 శాతం అని ఇచ్చారు, కోర్టు కొట్టేసింది, మళ్లీ ఇచ్చారు, మళ్లీ కొట్టేసింది. 2007లో పి.ఎస్.కృష్ణన్ నివేదిక మీద వెనకబడ్డ తెగలకి మాత్రమే 4 శాతం ఇచ్చారు. దాన్నీ 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది. "మతం పేరుతో సీటు" అని ఎవరైనా అంటే మా పిల్ల ఊరుకోదు. "సయ్యదులకి లేదు, పఠాన్లకి లేదు. గాజులమ్మిన షేకుల మనవరాలికి ఉంది. మతమెక్కడుంది ఇందులో?" అంటుంది.

2016లో అబ్బా పోయాడు. జనాజా వెంట వచ్చినవాళ్లలో సగంమందికి పైగా హిందువులు. అప్పటికే చెల్లెలి కుటుంబం రామతీర్థం వచ్చేసింది. మేనకోడలు ఇంట్లోనే గాజుల దుకాణం పెట్టుకుంది.

2020 డిసెంబరు చివర్లో బోధికొండ మీద రాముడి విగ్రహం ధ్వంసమైంది. ఊరంతా ఏడ్చింది. మేమూ ఏడ్చాం. ఆ రాముడి కొండ నీడలోనే మూడు తరాలు బతికాం. కానీ మా ఇంట్లో ఏడుపు వెనకే ఇంకొకటి నడిచింది. అమ్మీ జానమాజ్ పరుచుకుని కూర్చుంది. "యా అల్లాహ్, చేసినవాడు మనవాడు కాకూడదు" అదే ఆమె దువా. ఇంకెవరింట్లోనైనా ఆ రోజు అలాంటి ప్రార్థన జరిగి ఉంటుందా? పక్కింటివాళ్లకి దుఃఖం ఒక్కటే. మాకు దుఃఖం, దాని అడుగున చిన్న అక్షరాల గమనిక. ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. అనకపోయినా గమనిక మాకు కనిపిస్తూనే ఉంది. 2022లో కొండ మీద కొత్త గుడి లేచింది. ఊరు కుదుటపడింది.

అప్పుడే ఇంకో భయం మొదలైంది. శ్రీశైలంలో గుడి దుకాణాల వేలంలో హిందువులు కానివాళ్లు పాల్గొనకూడదని 2015లో ఒక జీవో వచ్చింది. తరాలుగా ఉన్న దుకాణదారులు కోర్టుకెక్కారు. మతం కారణంగా ఎవరినీ వేలం నుంచి మినహాయించకూడదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మూడు నెలలు తిరక్కుండానే, 2022 మార్చిలో, కర్ణాటక తీరంలో కొన్ని జాతరల్లో ముస్లిం వ్యాపారుల్ని దుకాణాలు పెట్టనివ్వలేదు. రామతీర్థంలో అలాంటి మాట పుట్టలేదు. పుట్టకూడదని మా కోరిక. కానీ లార్డ్ ఎల్డన్ చెప్పిన 'పాత చోటు'నే మా కాళ్ల కింద నుంచి లాగేస్తే, పాత ఖాతాదారు ఎక్కడికి వస్తాడు?

ఆ ఏడాది చివర మేనకోడలు గుడికి వెళ్లే దారిలో దుకాణం అద్దెకి తీసుకుంది. బోర్డు మీద ఏం పేరు పెట్టాలి? ఇంట్లో వారం రోజులు అదే గొడవ. నా తమ్ముడు 'లక్కీ ఫ్యాన్సీ' అన్నాడు. చెల్లెలు 'మణి బ్యాంగిల్స్' అంది. ఏ మతమూ తెలియని పేర్లు. తప్పని నేననను. ఎందరో అలాగే పెట్టుకుని బతుకుతున్నారు. బతకడం కూడా ఒక విలువే. పిల్ల అందరి మాటా విని, ఫోను తీసి చూపించింది. "మామూ, బోర్డు మీద ఏం రాసినా, డబ్బు కట్టడానికి స్కాన్ చెయ్యగానే వాళ్ల ఫోన్లో 'షేక్' అని నా పేరే పడుతుంది. దాచి ఎక్కడికి పోతాం?" అంది. తర్వాత నెమ్మదిగా, "నానా పేరు కొనడానికి ఎవరూ రాలేదు కదా. మనమే వాడుకుందాం" అంది.

ఇప్పుడు గుడికి వెళ్లే దారిలో 'గాజుల సాయిబు దుకాణం' అని పచ్చటి బోర్డు ఉంది. కొందరు బోర్డు చదివి ముందుకెళ్లిపోతారు. కొందరు చదివే లోపలికొస్తారు. ఒక ముసలమ్మ వచ్చి "సాయిబన్న మనవరాలివా?" అని అడిగి, బేరమాడకుండా చెయ్యి చాపింది. బేరమాడే మా జిల్లాలో అది చిన్న సంగతి కాదు.

మొదటి ఏడాది లెక్కలు నేనే కట్టాను. సరుకు, బీరువాలు, అడ్వాన్సు, బ్యాంకులో నిలవ, అన్నీ రాశాను. గుడ్‌విల్ అన్న పద్దు దగ్గర ఏమీ రాయలేదు. ప్రమాణం ఒప్పుకోదు. మేం సంపాదించుకున్నదే అయినా దాన్ని మేం రాసుకోకూడదు. అది ఉండేది కొనేవాళ్ల మనసులో, ఇరుగుపొరుగు వాళ్ల మాటలో, గది అద్దెకిచ్చే ఇంటాయన కలంలో. రాయవలసింది కూడా వాళ్లే.